మట్టి, సారె, బట్టీ: స్టూడియో పాటరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

30 ఏళ్లకు పైగా సారె (కుమ్మరి చక్రం) ముందు కూర్చుని పనిచేస్తున్నాను. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, ఊరికే చూడటానికి వచ్చినవాళ్లు, పగిలిన గిన్నె చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలివి. పగిలిన గిన్నెతో వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ జవాబుల్లో చాలాచోట్ల పగుళ్ల మాట వస్తుంది. బట్టీలో బయటపడే తప్పు చాలావరకు బట్టీలో పుట్టింది కాదని ఈ పనిలో నాకు మెల్లగా అర్థమైంది. దాన్ని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడమే మా పనిలో పెద్ద భాగం.

సారె మీద చేయి కుదరడానికి ఎంత కాలం పడుతుంది?

రోజూ సాధన చేస్తే మట్టిని ఊగకుండా సారె నడిమికి తేవడం కొన్ని వారాల్లో వస్తుంది. నిటారుగా, ఒకే మందంతో గోడ లేపడానికి కొన్ని నెలలు కావాలి. ఒకే కొలతలో 20 కప్పులు వరసగా చేయడానికి నాకైతే రెండేళ్లు పట్టింది. వారానికోసారి ఎనిమిది గంటలు కూర్చోవడం కంటే రోజుకో గంట కూర్చోవడం మేలు. నిన్న నేర్చుకున్నది చేయి మర్చిపోకముందే మళ్లీ మట్టి ముట్టుకోవాలి.

500 గ్రాముల ముద్దలు 20 చేసుకోండి. అన్నిటితో ఒకే ఆకారం చేయండి. చేసిన ప్రతిదాన్నీ తీగతో నిలువుగా రెండుగా కోసి చూడండి. మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ గోడ కిందిభాగంలో ఎంత మట్టి మిగిలిపోయిందో, అడుగు ఎక్కడ పల్చబడిందో పైనుంచి ఎంత చూసినా తెలియదు. కోస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. కోసిన మట్టి ఎటూ పోదు, మళ్లీ పిసికి వాడుకోవచ్చు.

ప్యాకెట్ మట్టి కొంటున్నాను. దాన్ని కూడా పిసకాలా?

పిసకాలి. ప్యాకెట్‌లో మట్టి నిలవ ఉన్నకొద్దీ అంచుల దగ్గర గట్టిపడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది. అలాంటి ముద్దను సారె మీద పెడితే ఒకవైపు చేతిని తోస్తుంది, ఇంకోవైపు లొంగిపోతుంది. మీరు మీ చేతులను తప్పు పడతారు గానీ, తప్పు ముద్దలోనే ఉంది.

ముద్దను అరచేతి మడమతో ముందుకి నొక్కుతూ, కొంచెం తిప్పుతూ, మళ్లీ నొక్కుతూ పోవాలి. నేను ఒక్కో ముద్దకు 60, 70 సార్లు నొక్కుతాను. తర్వాత తీగతో కోసి చూస్తాను. కోసిన ముఖం మీద గాలి బుడగలు, రంగు తేడా, గట్టి పలుకులు కనిపించకపోతే చాలు. బల్ల ఎత్తు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. నిలబడి చేతులు కిందికి వదిలితే పిడికిలి తగిలేంత ఎత్తులో ఉంటే భుజాలతో కాకుండా శరీరం బరువుతో నొక్కగలుగుతారు.

ఎంత ప్రయత్నించినా మట్టి నడిమికి రావడం లేదు. బలం సరిపోవడం లేదేమో?

బలం కాదు, ఆసరా సరిపోవడం లేదు. ఎడమ మోచేతిని తొడకి గానీ పొట్ట పక్కకి గానీ గట్టిగా ఆనించండి. చేయి గాల్లో ఉంటే మట్టి చేతిని ఊపుతుంది. మోచేయి ఆనితే చేయి కదలదు, కాబట్టి మట్టే చేతికి తగ్గట్టు సర్దుకుంటుంది. సారె వేగంగా తిరగాలి, చేయి తడిగా ఉండాలి, ముద్ద మీ బలానికి తగినంత మెత్తగా ఉండాలి. మట్టిని రెండు మూడు సార్లు శంకువులా పైకి లేపి మళ్లీ కిందికి దించండి.

చాలామంది చేసే తప్పు చివర్లో ఉంటుంది. మట్టి కుదురుకోగానే సంతోషంతో చేతులు చటుక్కున తీసేస్తారు. ఆ ఒక్క కదలికతో ముద్ద మళ్లీ పక్కకి పోతుంది. చేయి వదిలేటప్పుడు చాలా మెల్లగా వదలాలి.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు సారెను ఎటు తిప్పాలి?

ఎటైనా. జపాన్‌లో సంప్రదాయంగా గడియారం ముళ్లు తిరిగే దిశలో, పాశ్చాత్య దేశాల్లో దానికి ఎదురుగా తిప్పడం అలవాటు. రెండుచోట్లా గొప్ప పనివాళ్లు ఉన్నారు. మోటారు సారెల్లో చాలావాటికి దిశ మార్చే స్విచ్ ఉంటుంది. ఒక నెల ఒక దిశలో చేసి చూడండి, కుదిరితే దానితోనే ఉండిపోండి.

గిన్నె అడుగున ఎస్ ఆకారంలో పగులు వస్తోంది. బట్టీ వేడి ఎక్కువైందా?

ఇది నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న. పగులు కనిపించేది ఆరినప్పుడో కాల్చిన తర్వాతో కాబట్టి అందరూ బట్టీని అనుమానిస్తారు. అది మొదలైంది సారె మీద.

గోడ లేపుతున్నప్పుడు మీ వేళ్లు గోడలోని మట్టిని పదే పదే నొక్కుతాయి. అడుగు భాగాన్ని మాత్రం ఎవరూ నొక్కరు. పైగా గిన్నె లోపల నీళ్లు నిలిచి అడుగు నానిపోతుంది. నొక్కుపడని, నీళ్లు తాగిన మట్టి ఆరేటప్పుడు గోడ కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. అంచు ముందు ఆరి గట్టిపడిపోతే అడుగుకి కుదించుకోవడానికి చోటుండదు, చీలిపోతుంది. సారె తిరిగిన మెలి మట్టిలో ఉంటుంది కాబట్టి చీలిక వంకర తిరుగుతుంది.

ముద్దను తెరిచాక అడుగును చెక్క రిబ్‌తో (మట్టిని నొక్కి నునుపుచేసే పలక) గానీ వేళ్లతో గానీ మధ్యనుంచి అంచుకి, అంచునుంచి మధ్యకి నాలుగైదు సార్లు గట్టిగా నొక్కండి. పని అయ్యాక లోపలి నీళ్లను స్పాంజితో తప్పకుండా తీసేయండి. అంచు చేతికి అంటుకోనంత గట్టిపడగానే గిన్నెను బోర్లించండి. అప్పుడు అంచు, అడుగు కలిసి ఆరతాయి. అడుగు గోడకంటే మరీ మందంగా వదిలేయకండి. నేను అడుగు నొక్కడం అలవాటు చేసుకున్న సంవత్సరం నుంచి ఈ పగుళ్లు చాలా అరుదైపోయాయి. అంతకుముందు ఎన్నో ఏళ్లు బట్టీని నిందించుకున్నాను.

పాత్ర పూర్తిగా ఆరిందని ఎలా తెలుస్తుంది?

చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తేమ ఉంది, అది ఆవిరవుతూ మట్టిని చల్లబరుస్తోంది. గదిలోని మిగతా వస్తువుల్లాగే ఉంటే ఆరినట్టు. రంగు కూడా చెబుతుంది గానీ చెంపే ఎక్కువ నమ్మకం.

తొందరపడి ఎండలో పెట్టొద్దు, ఫ్యాన్ కింద పెట్టొద్దు. ఒకవైపు ముందు ఆరితే పాత్ర వంకరపోతుంది. కప్పుకి పిడి అతికిస్తే కప్పు, పిడి రెండూ ఒకే తడిలో ఉండాలి. రెండూ సబ్బు బిళ్లలాగా, కోస్తే తెగేలా, నొక్కితే సొట్టపడనంత గట్టిగా ఉన్నప్పుడు గీతలు పెట్టి, జారు మట్టి (నీళ్లు కలిపిన పలుచని మట్టి) రాసి అతికించండి. తర్వాత ఒక రాత్రంతా ప్లాస్టిక్ కవర్ కింద ఉంచండి. కవర్ కింద తేమ సమంగా పంచుకుంటాయి. మర్నాడు కవర్ కొంచెం కొంచెంగా తీయండి.

పూర్తిగా ఆరిన పచ్చి పాత్ర చాలా పెళుసు. అంచు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి, రెండు చేతులతో అడుగున పట్టుకోండి. కుమ్మరికి ఒక ఏడు (ఏడాది), గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అన్న సామెత ఈ దశలో అక్షరాలా నిజం.

బట్టీలో పాత్ర పేలిపోయింది. గాలి బుడగ వల్లేనా?

కాదు, నీళ్ల వల్ల. చాలామంది గురువులు కూడా బుడగ అనే చెబుతారు. బుడగ ఉన్నచోట మట్టి మందంగా ఉండి తేమ మిగిలిపోతుంది, ఆ మాటకి అంతవరకే ఆధారం. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. మట్టి గోడలోనుంచి బయటికి పోవడానికి ఆవిరికి టైమ్ ఇవ్వకపోతే గోడను బద్దలుకొట్టుకుని పోతుంది. పక్కనున్న పాత్రల్ని కూడా చెడగొడుతుంది.

అందుకే బట్టీని 100 డిగ్రీల సెల్సియస్ లోపే చాలాసేపు ఉంచుతాను. మందమైన పాత్రలుంటే రాత్రంతా 80, 90 డిగ్రీల దగ్గర ఉంచి, పొద్దున్నే వేడి పెంచుతాను. పైనున్న రంధ్రం దగ్గర చల్లని అద్దం పట్టుకుంటే తేమ ఇంకా వస్తోందో లేదో తెలుస్తుంది. అద్దం మసకబడితే ఇంకా ఆగాలి.

ఆరిన మట్టిలో మరోరకం నీరు కూడా ఉంటుంది. అది మట్టి రేణువుల నిర్మాణంలోనే కట్టుబడి ఉంటుంది, సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య వెళ్లిపోతుంది. ఆ నీరు పోయాక అది ఇక మట్టి కాదు, నీళ్లలో వేసినా కరగదు. అక్కడిదాకా గంటకి 60 నుంచి 100 డిగ్రీల కంటే వేగంగా పోనివ్వను. బిస్క్ ఫైరింగ్, అంటే పూత వేయకముందు చేసే మొదటి కాల్పు, సుమారు 1000 డిగ్రీల దగ్గర ఆపుతాను.

పగులు కాల్చేటప్పుడు వచ్చిందా, చల్లారేటప్పుడు వచ్చిందా, ఎలా చెప్పగలం?

పగులు అంచుల్ని వేలితో తడిమి చూడండి. గ్లేజ్, అంటే పాత్ర మీది గాజు పూత, ఆ అంచుల మీద కరిగి గుండ్రంగా మారి ఉంటే, గ్లేజ్ కరగకముందే పగిలింది. అంటే ఆరేటప్పుడో, అతుకు దగ్గరో, వేడెక్కేటప్పుడో తప్పు జరిగింది. అంచులు గాజుపెంకులా పదునుగా ఉంటే గ్లేజ్ గట్టిపడిన తర్వాత పగిలింది, అంటే చల్లారేటప్పుడు.

చల్లారేటప్పుడు అందరూ భయపడాల్సింది 573 డిగ్రీలకు. మట్టిలోని క్వార్ట్జ్ ఆ వేడి దగ్గర తన స్ఫటిక రూపం మార్చుకుని హఠాత్తుగా కుంచించుకుంటుంది. పాత్రలో ఒక భాగం ముందు, ఇంకో భాగం తర్వాత అక్కడికి చేరితే చీలిక ఖాయం. పెద్ద పళ్లేల విషయంలో ఇది మరీ ఎక్కువ. లోపల ఏం జరిగిందో చూడాలని ఆత్రం ఉంటుంది. ఆ ఆత్రంతో మూత తీసి ఒక బట్టీ నిండా పళ్లేలు పోగొట్టుకున్నాను. 100 డిగ్రీల కంటే తగ్గేదాకా ఇప్పుడు మూత ముట్టుకోను.

డిజిటల్ కంట్రోలర్ ఉండగా కోన్‌లు ఎందుకు?

కోన్ అంటే బట్టీలో పాత్రల పక్కన నిలబెట్టే చిన్న శంకువు, తగినంత కాలితే వంగుతుంది. కంట్రోలర్ వేడి ఎంతో చెబుతుంది. ఆ వేడి పాత్ర మీద ఎంతసేపు పనిచేసిందో చెప్పదు. కోన్ రెండూ కలిపి చెబుతుంది. ఆరో నంబరు కోన్ గంటకి 60 డిగ్రీల చొప్పున పెంచితే సుమారు 1222 డిగ్రీల దగ్గర వంగుతుంది. గంటకి 150 డిగ్రీల చొప్పున పెంచితే 1243 దాకా నిలబడుతుంది. గ్లేజ్ కూడా అలాగే ప్రవర్తిస్తుంది, ఎందుకంటే కోన్‌ను దాదాపు అలాంటి పదార్థాలతోనే చేస్తారు.

మట్టితోనే వేడి కొలవాలన్న ఆలోచన నాకు చాలా ఇష్టం. ఇంగ్లండ్‌లో జోసయా వెడ్జ్‌వుడ్ 1782లో చేసిన కొలమానం మట్టి ముక్క ఎంత కుంచించుకుందో చూసి వేడి చెప్పేది. జర్మనీలో హెర్మన్ సేగర్ 1886లో కోన్‌లు తెచ్చాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ 1896లో తన కోన్‌లు మొదలుపెట్టాడు. నేను ప్రతి ఫైరింగ్‌లో పై అర, మధ్య అర, కింది అరల్లో ఒక్కో వరస పెడతాను. థర్మోకపుల్ (కంట్రోలర్‌కి వేడి తెలిపే లోహపు తీగ) కాలం గడిచేకొద్దీ తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. కోన్ వంపులో తేడా చూసే దాన్ని పట్టుకుంటాను.

కరెంటు బట్టీ ఫైరింగ్‌కి పట్టే సమయం నెలనెలా పెరుగుతుంటే కాయిల్స్ (వేడి పుట్టించే తీగచుట్లు) పాతబడుతున్నాయని అర్థం. రెసిస్టెన్స్ కొత్తలో ఉన్నదానికంటే 10 శాతం పెరిగితే మార్చేయండి.

గ్లేజ్ మీద సన్నని వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తున్నాయి. ఏం చేయాలి?

గ్లేజ్ అంటే పాత్రకి అతుక్కున్న గాజు. అందులో మూడు పనులు జరుగుతాయి. సిలికా గాజు అవుతుంది. ఫ్లక్స్ దాన్ని మన బట్టీ వేడికే కరిగేలా చేస్తుంది, ఎందుకంటే సిలికా ఒక్కటే అయితే 1700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అల్యూమినా ఆ కరిగిన గాజు కారిపోకుండా పట్టి ఉంచుతుంది.

చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టికంటే ఎక్కువ కుంచించుకుంటే బిగుతు తట్టుకోలేక చిట్లుతుంది. సోడియం, పొటాషియం ఎక్కువున్న గ్లేజ్‌లు ఇలా చేస్తాయి. సిలికా కొంచెం కొంచెంగా పెంచుతూ, 2 శాతం తేడాతో నాలుగైదు నమూనా పలకలు కాల్చి చూడండి. మెల్లగా చల్లార్చితే పగుళ్లు పోయినట్టు కనిపిస్తాయి గానీ, కొన్ని వారాల తర్వాత మళ్లీ వస్తాయి. పాత్రను ఫ్రీజర్‌లో ఉంచి తీసి, వెంటనే మరుగుతున్న నీళ్లు పోసి చూడండి. దాచుకున్న పగుళ్లు అప్పుడే బయటపడతాయి. ఈ పరీక్ష సింక్‌లో పెట్టి, చేయి దూరంగా ఉంచి చేయండి.

దీనికి ఎదురు సమస్య ఇంకా ప్రమాదం. గ్లేజ్ తక్కువ కుంచించుకుంటే అంచుల దగ్గర పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చు గాజు ముక్కే. అలాంటి పాత్ర ఎవరికీ ఇవ్వకండి.

గ్లేజ్ చిక్కదనం కంటితో అంచనా వేయొద్దు. 100 మిల్లీలీటర్లు తూచి చూడండి. నా గ్లేజ్‌లు చాలావరకు 145 గ్రాముల దగ్గర బాగుంటాయి. పాత్రను ముంచి మూడు లెక్కపెట్టి తీస్తాను. అడుగునుంచి కనీసం 3 మిల్లీమీటర్లు గ్లేజ్ లేకుండా తుడుస్తాను, లేకపోతే పాత్ర అరకి అతుక్కుపోతుంది.

నేను చేసిన గిన్నెలో తినొచ్చా?

సీసం, కాడ్మియం ఉన్న పదార్థాలు తినే పాత్రల మీద వాడొద్దు. ఇందులో రాజీ లేదు. అవి లేకపోయినా, సరిగ్గా కరగని గ్లేజ్‌లోనుంచి రాగి, మాంగనీస్ లాంటివి పుల్లని పదార్థంలోకి దిగుతాయి. నిమ్మకాయ చెక్క గానీ వెనిగర్ గానీ గ్లేజ్ మీద 24 గంటలు ఉంచి, కడిగి చూడండి. రంగు వెలిసినా, మెరుపు తగ్గినా ఆ గ్లేజ్ వంటింటికి పనికిరాదు. మారకపోయినంత మాత్రాన సురక్షితమని తేలినట్టు కాదు. అమ్మే పాత్రలైతే ల్యాబ్‌కి పంపించండి. సీసం, కాడ్మియం కోసం ఐఎస్‌ఓ 6486 ప్రమాణం ప్రకారం 4 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో 24 గంటలు ఉంచి కొలుస్తారు.

కరెంటు బట్టీ మంచిదా, గ్యాస్ బట్టీ మంచిదా?

ఒంటరిగా పనిచేసేవాళ్లకి కరెంటు. ఒకేలా వస్తుంది, రాత్రంతా కాపలా అక్కర్లేదు. గ్యాస్ బట్టీలో గాలి తగ్గిస్తే కార్బన్ మోనాక్సైడ్ తయారై గ్లేజ్‌లోని లోహాల నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది. రాగి ఇచ్చే ఆకుపచ్చ ఎర్రగా మారుతుంది, ఒకటి రెండు శాతం ఇనుము సముద్రపు ఆకుపచ్చ ఇస్తుంది. ఆ అందం కోసమే నేనూ గ్యాస్ పెట్టుకున్నాను. కానీ ఆ వాయువుకి వాసన ఉండదు, మనిషిని చంపుతుంది. గాలి ధారాళంగా ఆడే చోటు, పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా వెలిగించొద్దు. బట్టీలోకి చూసేటప్పుడు పరారుణ కిరణాలు ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి.

స్టూడియో దుమ్ము నిజంగా అంత ప్రమాదమా?

అవును. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఆరిన మట్టిలో, గ్లేజ్ పొడుల్లో ఉండే సిలికా రేణువులు కంటికి కనిపించనంత చిన్నవి. గంటల తరబడి గాల్లో తేలతాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రావు, అక్కడ మచ్చలు కడతాయి. సిలికోసిస్ అనే ఈ జబ్బు మెల్లగా వస్తుంది, వచ్చాక తగ్గదు.

చీపురు పట్టకండి. నేల, బల్లలు తడిగుడ్డతో, మాప్‌తో తుడవండి. ఆరిన పాత్రను ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకండి, తడి స్పాంజితో సరిచేయండి. పొడులు కలిపేటప్పుడు ఎన్95 లేదా అంతకంటే మంచి మాస్కు ముఖానికి బిగుతుగా ఉండాలి. ఏప్రాన్ స్టూడియోలోనే వదిలి వెళ్లండి, ఇంట్లో పిల్లలుంటే మరీను. నా మొదటి పదేళ్లూ ఇవేవీ పట్టించుకోలేదు. ఇప్పుడు క్రమం తప్పకుండా ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకుంటున్నాను.

నడుము నొప్పి లేకుండా ఇన్నేళ్లు ఎలా పనిచేశారు?

నొప్పి లేకుండా కాదు. 15 ఏళ్ల తర్వాత నడుము పట్టేసి కొన్ని నెలలు పని ఆగిపోయింది. అప్పుడు సారెను ఎత్తుచేసి నిలబడి చేయడం నేర్చుకున్నాను. వెనక గోడకి నడుము ఆనించుకుంటాను. ఎదురుగా అద్దం పెట్టుకున్నాను, పాత్ర ఆకారం చూడటానికి వంగక్కర్లేదు. ముద్దలు ఎనిమిది చేశాక లేచి నడుస్తాను. 20 కిలోల మట్టి సంచిని నేలమీద నుంచి ఎత్తను, బల్ల ఎత్తులోనే దింపించుకుంటాను.

కప్పు 10 సెంటీమీటర్ల ఎత్తు రావాలంటే తడిగా ఎంత చేయాలి?

ముందు మీ మట్టి ఎంత కుంచించుకుంటుందో తెలుసుకోండి. తడి పలక మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, గ్లేజ్ వేడి దాకా కాల్చి, మళ్లీ కొలవండి. 8.8 వస్తే 12 శాతం తగ్గింది. కావలసిన కొలతను 0.88తో భాగించండి, 11.4 సెంటీమీటర్లు వస్తుంది. మూతలకి ఈ లెక్క అక్కర్లేదు. పాత్ర, మూత ఒకే రోజు ఒకే మట్టితో చేసి, తడిగా ఉన్నప్పుడే కాలిపర్స్‌తో (వెడల్పు కొలిచే పనిముట్టు) సరిచూసి, కలిపే ఆరబెట్టి కలిపే కాల్చండి.

మీ వారం ఎలా గడుస్తుంది? ఎప్పుడూ సారె మీదే ఉంటారా?

సారె మీద ఉండేది మూడోవంతు సమయం కూడా కాదు. మొదటి రోజు మట్టి పిసికి పాత్రలు చేస్తాను. మర్నాడు అడుగులు చెక్కి, పిడులు అతికిస్తాను. తర్వాత చాలా రోజులు ఆరబెట్టడమే, ఆ మధ్యలో ముందటి బ్యాచ్‌కి గ్లేజ్ వేయడం, బట్టీ సర్దడం, అరలు గీకి కిల్న్ వాష్ (గ్లేజ్ అరకి అంటుకోకుండా వేసే పూత) పూయడం, ప్యాకింగ్. ఫైరింగ్‌కి ఒక రోజు, చల్లారడానికి ఇంకో రోజు పోతాయి. వాన పట్టిన వారంలో ఈ లెక్కంతా మారిపోతుంది, ఆరనిదాన్ని తొందరపెట్టలేం.

ధర కట్టేటప్పుడు కొత్తవాళ్లు సారె మీద గడిపిన పది నిమిషాలే లెక్కేస్తారు. ఒక కప్పు మీ చేతిలోకి ఎన్నిసార్లు వస్తుందో ఒకసారి లెక్కపెట్టండి. నా లెక్కలో ఇరవైకి తగ్గదు. పగిలిపోయినవాటి ఖర్చు నిలిచినవే మోయాలి. లోపమున్న పాత్రను తగ్గించి అమ్మను, సుత్తితో కొట్టేస్తాను. నా ముద్ర అడుగున ఉన్నంతకాలం అది నా మాటే.

పాడైన పచ్చి పాత్రల మట్టి మళ్లీ వాడొచ్చా?

కాల్చనిదైతే ఎన్నిసార్లైనా వాడొచ్చు. పూర్తిగా ఆరనివ్వండి. సగం తడి ముక్క నీళ్లలో రోజుల తరబడి అలాగే ఉంటుంది, ఎముకలా ఆరిన ముక్క కొన్ని గంటల్లో విడిపోతుంది. బక్కెట్లో మునిగేలా నీళ్లు పోసి కదపకుండా వదిలేయండి. మర్నాడు పైన తేలిన నీళ్లు వంచేసి, బురదను ప్లాస్టర్ పలక మీద రెండు మూడు అంగుళాల మందంలో పరవండి. పలక నీటిని పీల్చేస్తుంది. మట్టి పలకనుంచి తనంతట తానే విడిపోయినప్పుడు తిరగేయండి.

పలక అంచులు గీకకండి. ప్లాస్టర్ ముక్క మట్టిలో పడితే, కాల్చిన తర్వాత గాల్లో తేమ పీల్చుకుని ఉబ్బి, కొన్ని వారాల తర్వాత గోడనుంచి ఒక పెచ్చును ఎగరగొడుతుంది. సారె మీది జారు మట్టిని కూడా బక్కెట్లోనే వేయండి. సన్నని రేణువులన్నీ అందులోనే పోతాయి, అది పారబోస్తే తిరిగొచ్చిన మట్టి సాగదు, అంచు దగ్గర చిట్లుతుంది. ఇలా తయారైన మట్టిని కొత్త మట్టితో సగం సగం కలిపి పిసికి, తడిగుడ్డ చుట్టి, కనీసం ఒక నెల పక్కన పెడతాను.